పొగ అలవాటైనవాళ్లు

నల్లగుట్టకు అగ్గి పెట్టింది గట్టయ్యేనని డెబోరా చెప్పింది. డెబోరాకు సారవ్వ చెప్పిందట. సారవ్వ కండ్లతో చూడలేదు గానీ, కిరాణా కొట్టు కాడ ఎవరో అనుకుంటుంటే చెవులారా విన్నదట. ఇప్పపువ్వు ఏరుకునేందుకు చెట్ల కింద ఆకులు కాలబెట్టాడనీ, గాలికి అది గుట్టెక్కిందనీ, ఆర్పబోయిన కాపలా ఎల్లన్న కాళ్లకు అంటుకుందనీ డెబోరా గడపలో నిలబడి చెబుతుంటే, గుట్ట మళ్లోసారి అంటుకున్నట్టే ఉంది. చివర్న మాత్రం గొంతు తగ్గించింది.

"మనోళ్ల మీదికి రాకుంట దేవుడే కాపాడిండు వదినె."

సువార్త చాటలో బియ్యం ఏరుతోంది. రాళ్లను వదిలి గింజల్ని పారేస్తోంది. డెబోరా అది చూడలేదు.

సువార్తది ఆ గుట్ట మీదే అగ్గికాపలా పని. గుట్టకు పడమర, పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు బొగ్గుగని. బొగ్గు మీది మట్టినీ రాళ్లనూ టిప్పర్లు తెచ్చి గుట్టకు ఆనించి పోసీ పోసీ ఇంకో గుట్టనే లేపాయి. దాన్ని డంపు అంటారు. డంపు వాలులో వరసగా నాటిన చెట్లు, అవి దాటితే పాత అడవి, ఇప్పచెట్లు, ఆ తర్వాత లారీల బాట. బాటకు ఇవతల క్రైస్తవుల సమాధుల తోట, దాని కింద ఊరు. ఊరికి ఒక కొసన బాయిపనికి, అంటే భూమి లోపలి బొగ్గుగని పనికి, వచ్చి నిలిచిపోయిన క్రైస్తవుల ఇండ్లు. ఇంకో కొసన, గని రాకముందు నుంచీ ఉన్న రైతుల ఇండ్లు. మట్టి పోసే కాంట్రాక్టూ, వాలులో చెట్లు పెంచే కాంట్రాక్టూ, ఆ చెట్లకు అగ్గి అంటకుండా చూసే కాంట్రాక్టూ అన్నీ రఘుపతివే. దొంగ చేతికి తాళాలన్న సామెత అతన్ని చూశాకే పుట్టిందేమో.

ఆ వారం ఎండ మామూలు ఎండ కాదు. చైత్రంలోనే రోహిణి దిగింది. పడమటి గాలి పొయ్యి ఊదినట్టు ఊదుతోంది. వడగాలులనీ, గుట్టల మీద ఎండుగడ్డి ఉన్నచోట నిప్పుతో భద్రమనీ అందరి ఫోన్లకూ హెచ్చరికలు వచ్చాయి. రఘుపతి సూపర్‌వైజర్ జైపాల్ ఫోనుకూ వచ్చింది. అతను చేసిందల్లా కాపలావాళ్లు నీడకు పోకుండా చూడటం. సువార్తా, ఎల్లన్నా, చెరో పచ్చికొమ్మా. అంత గుట్టకూ రఘుపతి పెట్టిన ఫైరింజను అదే.

ఈస్టర్ నాడు మిట్టమధ్యాహ్నం గుట్ట అంటుకుంది. సువార్త అప్పుడు గుట్టకు ఇంకో పక్కన ఉంది; ఉరికి వచ్చేసరికి ఎక్కడ మొదలైందో తెలియనంత మంట. వాలులోని చెట్లు పోయాయి, ఇప్పచెట్లు పోయాయి. ఎల్లన్న మోకాళ్ల దాకా కాలి కరీంనగర్ దవాఖానలో పడ్డాడు. మర్నాడే గట్టయ్యను జీపెక్కించి స్టేషనుకు తీసుకపోయారు.

కానీ గట్టయ్య పెట్టలేదని సువార్తకు తెలుసు. ఏటా పువ్వు రాలే కాలంలో గట్టయ్యా, రైతుల కొస వాళ్లూ చెట్ల కింద ఆకులు కాలబెట్టే మాట నిజమే. నేల నున్నగా ఉంటే ఏరుకోవడం సులువు. ఈసారి కాలబెట్టొద్దని సువార్తే వాళ్లతో కొట్లాడింది. పండుగ నాడు పొద్దున్నే ఆమె డ్యూటీకి పోతుంటే గట్టయ్య చెట్ల కింద పాతచీరెలు పరుస్తున్నాడు. ఒక్కో పువ్వూ టప్పుమని చీరె మీద పడుతోంది. "మా అక్క పెండ్లిచీర గూడ పరిచినవా బావా" అని ఆమె నవ్వింది కూడా. ఆ ఒక్క మాట చెబితే గట్టయ్య బయటికొస్తాడు.

చెప్పలేకపోవడానికి కారణం కొవ్వొత్తి. ఈస్టర్ తెల్లవారుజామున అందరూ సమాధుల తోటలో కొవ్వొత్తులు ముట్టిస్తారు. సువార్త కూడా భర్త యోనా సమాధి మీద ముట్టించింది. బాయి దుమ్ము తిని తినీ పోయిన మనిషి. పాట అయిపోయాక అందరూ ఎవరి కొవ్వొత్తి వాళ్లు ఆర్పేశారు. ఆమెకు మాత్రం చెయ్యి రాలేదు. కాసేపు వెలగనిమ్మని వదిలి డ్యూటీకి పోయింది. అగ్గికాపలా మనిషి ఎండుగడ్డి నడుమ నిప్పు వదిలి పోయింది. అప్పటి నుంచీ ఆమె తోట దిక్కు పోలేదు. పోతే ఏం కనబడుతుందోనని.

సాయంత్రం జైపాల్ బండి ఆపి, దిగకుండానే మాట్లాడాడు. రేపు పొద్దున అడవి ఆఫీసరూ ఎస్సై గుట్ట మీద పంచనామా చేస్తారట. గట్టయ్య ఆకులు కాలబెడుతుంటే చూశానని ఆమె చెప్పాలట.

"చూడలేదు సారూ."

"చూడకుంటే ఇంకో మాట పుడ్తది సువార్తమ్మా. సమాధుల కొవ్వొత్తులతోని అంటుకున్నదని. నేనే ఆ మాటను ఆపి ఉంచిన." బండి స్టార్టు చేసి, "ఆలోచన చేస్కో" అన్నాడు.

ఆలోచించడానికి ఏముంది. ఒక పక్క గట్టయ్య జైలు. ఇంకో పక్క తన జైలు, ఎల్లన్న కాళ్ల పాపం, రెండు కొసల మధ్య ఎన్నటికీ మానని పగ. ఆమె ఇంట్లో కూర్చోలేక, బయట నిలవలేక, బిందె పట్టుకుని నీళ్ల ట్యాంకరు కాడికి పోయింది.

ఆ ఎండాకాలం రెండు కొసల ఆడోళ్లూ కలిసేది అక్కడే. ఆ రోజు ట్యాంకరు కాడ నీళ్ల కంటే మాటలే ఎక్కువ కారుతున్నాయి. మీ ఆకులంటే మీ కొవ్వొత్తులని, మీ పువ్వు పిచ్చి అంటే మీ పండుగ పిచ్చి అని. ఎవరి బిందెనో ఎవరో తన్నారు. సారవ్వ తాను మోసిన కబురు తనది కాదని ఒట్లు పెడుతోంది. గట్టయ్య భార్య సారలమ్మ మాత్రం పైపు పట్టుకుని మెదలకుండా నిలబడి ఉంది. రెండు రోజులుగా స్టేషను గేటు కాడ నిలబడీ నిలబడీ ఆమె మొహం ఎండిన చెరువు అడుగులా పగిలి ఉంది. సువార్తను చూసి పైపు కింద పడేసింది.

"నువ్వు చెప్పు. ఆ పొద్దుగాల మా చెట్ల కింద ఏం సూసినవ్?"

ఎవరో నీళ్లు పోతున్నాయని అరిచారు. ఎవరూ పైపు ఎత్తలేదు.

"చీరెలు సూసిన" అంది సువార్త. "అక్కా, బావ కాలవెట్టలే. నేనే కొవ్వొత్తి ఆర్పకుంట వచ్చిన. ఎల్లన్న కాళ్లు నేనే కాల్చిన."

డెబోరా ఆమె నోరు మూయబోయింది. అప్పటికే మాట పడిపోయింది. రైతుల కొస ఆడోళ్లలో ఒకామె చెయ్యెత్తింది. సారలమ్మ ఆ చేతిని పట్టి దించింది.

"తోటకు పోయినవా?"

"లే."

"పోవాలె. మీ యోనా మీద గడ్డి ఎండి నిలవడే ఉన్నది. పొద్దుగాల నా మేకలు ఆడ్నే మేసినయి. అగ్గి బాట దాటి ఇటు రానేలేదు, పిచ్చిదానా. గాలి ఆ దిక్కెల్లి కొడుతుంటే నీ కొవ్వొత్తి ఎదురు నడిచి గుట్టెక్కిందా?"

మేకలు సమాధుల మీద మేయడమేంటని అడగడం కూడా మరిచిపోయారు క్రైస్తవుల ఆడోళ్లు. సువార్త ఖాళీ బిందె మీదే కూలబడింది. అప్పుడు డెబోరా, దాచుకున్నది కక్కినట్టు, జైపాల్ తమ కొసలో అందరికీ గట్టయ్య పేరు చెప్పమన్నాడని బయటపెట్టింది. రైతుల కొసలో అతనే కొవ్వొత్తుల మాట చెప్పి, పంచనామాలో ఆ మాట అంటే గట్టయ్యను విడిపిస్తానన్నాడని సారలమ్మ చెప్పింది. ఒకే నోరు, రెండు వాకిళ్లు. వాళ్లు ఇందాక ఒకరినొకరు తిట్టుకున్న తిట్లన్నీ ఆ నోట్లోంచి వచ్చినవే.

మరి అగ్గి ఎక్కడి నుంచి వచ్చింది? ఒకరి తర్వాత ఒకరు పడమటి దిక్కు చూశారు. డంపు కొసన ఎప్పటిలాగే తెల్లటి పొగ లేస్తోంది. ఎప్పటిలాగే గంధకం వాసన. పాత బాయిల మీద ఓపెన్‌కాస్టు తవ్వితే లోపల ఏండ్లుగా రగులుతున్న బొగ్గు బయటపడుతుందనీ, దాన్ని నీళ్లతో చల్లార్చి, పోశాక మట్టి కప్పాలనీ బాయిపనోళ్ల ఇంట్లో పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. చల్లార్చేదాకా టిప్పరు ఆగాలి. రఘుపతి టిప్పర్లు ఆగవు. కాలుతున్నదాన్ని కాలుతున్నట్టే తెచ్చి ఎండుగడ్డి నెత్తిన పోస్తున్నాయి. రోజూ చూస్తున్న పొగే. దాన్ని ఒక్కరూ లెక్కలోకి తీసుకోలేదు.

సారవ్వే అన్నది: "ఇంకో ఊర్ల పొగ కనవడితే అగ్గి ఉన్నదంటరు. మనూర్ల పొగ కనవడితే డ్యూటీ ఉన్నదంటం."



వాదన ఆ పొద్దే మొదలైంది. కాంట్రాక్టు పనులు పోతాయని డెబోరా, పోతే పోనీయమని సారలమ్మ. మగవాళ్లు షిఫ్టు దిగి వచ్చి కలిశారు. యూనియన్‌లో చేసి రిటైరైన సదయ్య ముందు కలెక్టరుకు అర్జీ ఇద్దామన్నాడు. అర్జీ పెద్దపల్లి చేరేలోపు గట్టయ్య జైలుకు, మిగిలిన గుట్ట బూడిదకు చేరుతాయని ఒక కోడలు అన్నది. రెండు కొసలూ ఒక్కచోట కూర్చుని ఒకరి మాట ఒకరు నరుక్కుంటూ మాట్లాడుకోవడం ఆ ఊళ్లో అదే మొదలు. పెద్ద తీర్మానమేం కాలేదు. రేపు ఎవరూ ఒంటరిగా సాక్ష్యం చెప్పొద్దు, అందరం పోదాం. అంతే.

తెల్లారి జీపు గుట్ట మొదట్లో ఆగేసరికి అక్కడ ఊరంతా ఉంది. ఎస్సై మొహం చిట్లించాడు. అడవి ఆఫీసరు గొడుగు కింద నిలబడ్డాడు. జీపు వెనకాల గట్టయ్య, చేతికి బేడీ, పక్కన కానిస్టేబులు. జైపాల్ సువార్తను ముందుకు పిలిచి, సారు అడిగినదానికి చెప్పమన్నాడు.

"చెట్ల కింద చీరెలు పరుస్తుంటే సూసిన. అగ్గి సూడలే."

జైపాల్ పండ్లు కొరికాడు. "సారూ, ఈమెనే సమాధుల్ల కొవ్వొత్తి—"

"అవు, ముట్టిచ్చిన. ఆర్పలే. రాస్కోండ్రి. రాసే ముందు తోటకు పోయి, ఆడ గడ్డి కాలిందో లేదో సూసి రాస్కోండ్రి. తర్వాత డంపు మీదికి రాండ్రి."

పని నుంచి తీసేశానని జైపాల్ అక్కడికక్కడే ప్రకటించాడు. సువార్త అప్పటికే నడుస్తోంది. వెనక సారలమ్మ, ఆ వెనక రెండు కొసలూ. కాలిన వాలు మీద చెప్పుల అడుగులు మెత్తబడుతున్నాయి. ఆఫీసరు రానన్నాడు, తర్వాత గొడుగు పట్టుకునే వెనక వచ్చాడు. గట్టయ్యను కానిస్టేబులు జీపులో ఉంచలేకపోయాడు. ఊరంతా పోతుంటే తానొక్కడూ ఆ ముసలోడి చెయ్యి పట్టుకుని కూర్చోవడం అతనికే బాగనిపించలేదేమో.

వాళ్లు పైకి చేరేసరికి ఒక టిప్పరు డంపు కొసన తొట్టి ఎత్తుతోంది. నల్లటి మట్టి జారింది. మట్టితో పాటు పట్టపగలే ఎర్రగా కనిపించే పెళ్లలు దొర్లాయి. ఒకటి వాలు దిగి, మిగిలి ఉన్న గడ్డిపొద కాడ ఆగింది. గడ్డి మెలిక తిరిగి అంటుకుంది. సువార్త అలవాటుగా పచ్చికొమ్మ కోసం చూసింది. గుట్ట మీద పచ్చికొమ్మ అన్నది లేదు. నలుగురు ఆడోళ్లు చెప్పులతో కొట్టి ఆర్పారు. ఆఫీసరు ఏమీ రాసుకోలేదు, కానీ చూశాడు. ఎస్సై కూడా చూశాడు. చూడనట్టు నటించే వీలు లేనంత మంది వాళ్లను చూస్తున్నారు.

సారలమ్మ పోయి టిప్పర్ల బాటకు అడ్డంగా కూర్చుంది. ఆమె పక్కన సువార్త. డెబోరా ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, కొంగు నెత్తికేసుకుని తానూ కూర్చుంది. తర్వాత లెక్క తెలియలేదు. నేల చీరెల్లోంచి కాలుతోంది. వెనక టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి ఆగి హారన్లు కొట్టి కొట్టి ఊరుకున్నాయి. డ్రైవర్లు దిగి నీడ వెతుక్కున్నారు. ఒక డ్రైవరు తన నీళ్ల క్యాను తెచ్చి ఆడోళ్ల మధ్య పెట్టి వెనక్కు పోయాడు. గట్టయ్య బేడీతోనే వచ్చి భార్య వెనక కూర్చున్నాడు. బేడీకి ఇంకో కొస కానిస్టేబులు చేతిలో ఉంది కాబట్టి అతనూ కూర్చోవాల్సి వచ్చింది.

రఘుపతి కారు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. ముందు కోపపడ్డాడు. తర్వాత ఎంతమంది ఉన్నారో చూసి నవ్వాడు. సదయ్య లేచి చెప్పాడు: గట్టయ్య మీద కేసు పోవాలె, డంపు చల్లార్చి మట్టి కప్పేదాక ఒక్క టిప్పరు పొయ్యద్దు, ఎల్లన్నకు దెబ్బ తాకింది డ్యూటీల అని ఒప్పుకోవాలె. రఘుపతి ఆఫీసరు దిక్కూ ఎస్సై దిక్కూ చూశాడు. వాళ్లు ఎవరి చెప్పులు వాళ్లు చూసుకుంటున్నారు. అతను ఓపికగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు మొదలుపెట్టాడు. ఇంత పెద్ద డంపును చల్లార్చడం మనుషుల వల్ల అయ్యేది కాదట. ఉత్పత్తి ఆగితే దేశానికే కరెంటు ఉండదట.

"రెండు నెలలు ఓర్సుకోండ్రమ్మా. వాన పడ్డదంటే అదే సల్లారుతది."

కార్లోంచి చల్లగాలి వచ్చి ముందు వరసకు తగిలింది. సువార్త కొంచెం పక్కకు జరిగి, తన పక్కన నేల మీద ఒక మనిషికి సరిపోయే జాగా చేసింది. దాన్ని అరచేత్తో తట్టి చూపించింది.

"అయితే వాన పడేదాక నువ్వు గూడ ఈడ్నే కూసో."