తోడు వేసినాక కదపొద్దు

“...కాదు అమ్మణ్ణీ, మా అక్క తాయమ్మ తిరుపతికి చదువుకునేదానికి పోయిందని రాయొద్దు. ఆడుకునేదానికి పోయిందని రాయి. అట్లే రాయి,” అంది తాయమ్మ చెల్లెలు, తను చెప్తుంటే రాసుకుంటున్న మనవరాలితో.

ఆ మాట మొదట అన్నది తాయమ్మ మొగుడు చెంగల్రాయుడు. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు పూతలపట్టులో చిన్నబిడ్డలకు బాలవాడి పెడతారని, ఏడో తరగతి చదివిన ఆడమనిషికి తిరుపతిలో ట్రైనింగు ఇస్తారని తెలిసి పడీపడీ నవ్వాడు. “బిడ్డలకు ఆట నేర్పిస్తారా ఎవురైనా? కోడిపిల్లకు గెలికేది నేర్పినట్లుండాది! పో పో, ఆడుకోని రా. రెండు నాళ్ళకే ఇంటి మొగం పడతావు.” అత్త కుప్పమ్మ వేరుశనక్కాయలు ఒలుస్తూ తల ఎత్తకుండానే అంది: “సొంత బిడ్డను ఎత్తుకునే రాత లేదు గానీ, ఊరోళ్ళ బిడ్డల్ని ఆడిస్తాదంట.” తాయమ్మ ఆ మాట మింగేసి, మొగుడి నవ్వులో దొరికిన ‘పో పో’ను మాత్రం గట్టిగా పట్టుకుంది. అతని మనసు మారేలోపే బస్సెక్కేసింది.

ట్రైనింగు ఇచ్చేది శకుంతలమ్మ. నెరిసిన జడ, మెల్లని గొంతు. చుట్టుపక్కల వీధుల పిల్లల్ని పిలిపించి, ఇసక కుప్పలు పోయించి, టెంకాయ చిప్పలిచ్చి, ఒక్కో కుప్ప దగ్గర ఒక్కొక్కరిని కూర్చోమంది. తాయమ్మ ముందర ఒక బక్కపిల్ల పెద్ద చిప్పతో చిన్న చిప్పలోకి ఇసక పోస్తోంది. సగం కిందికే పోతోంది. “అట్ల కాదు పాపా, చిన్నదాంతో పెద్దదాంట్లోకి పొయ్యల్ల. ఇట్ల. కాదు, ఇట్ల పట్టుకో” అని తాయమ్మ ఆ చెయ్యి పట్టి తిప్పింది. పిల్ల చెయ్యి లాక్కుంది. రెండు చేతులూ ఒళ్ళో దాచేసుకుంది.

దాచుకున్న ఆ చేతుల్ని తాయమ్మ గుర్తుపట్టింది. అవి తన చేతులే. పొద్దున్నే పేడనీళ్ళు చల్లే చేతులు, ఆవు పొదుగు కింద, రోటి ముందు, పొయ్యి ముందు ఏ పనిలో ఉన్నా, వెనక నుంచి కుప్పమ్మ ‘అట్ల కాదు’ అనగానే ఉలిక్కిపడి వెనక్కొచ్చేసే చేతులు. సంగటి ముద్ద గుండ్రంగా వచ్చినా అట్ల కాదు, చీపురు ఎట్లా పట్టినా అట్ల కాదు. మరి ఎట్ల అని ఒక్కనాడూ అడగలేదు, అడిగితే ‘మీ అమ్మ నేర్పలేదా’ అంటారని. ఇంత చాకిరీ చేసినా, ఇంటికొచ్చిన వాళ్ళతో చెంగల్రాయుడు చెప్పేది ఒకటే: ‘మా ఆడోళ్ళా? ఇంట్లో ఊరికే ఉండారు.’ ఇప్పుడు ఆ ‘అట్ల కాదు’ తన నోట్లోంచే వచ్చింది, అదే సాగదీతతో. అత్త గొంతు తనకు ఎప్పుడు అంటుకుందో ఏమో!

మరునాడు పంతం పట్టి మూతి బిగించుకుని కూర్చుంది. ఏం చేసుకుంటారో చేసుకోనీ. ఒక బొద్దు పిల్లోడు చిప్పలన్నీ ఒళ్ళో పోగేసుకున్నాడు. బక్కపిల్ల గోడకు ఆనుకుంది. మిగిలినవాళ్ళు ఇసక ఎగజల్లుకుంటే ఒకడి కంట్లో పడి ఒకటే ఏడుపు. శకుంతలమ్మ వచ్చి వాడి కన్ను ఊది, తాయమ్మను చూసి నవ్వింది.

“నిన్న నువ్వొక్కదానివే ఆడినావు. ఈ పొద్దు ఎవురూ ఆడలేదు.”

“మరి నన్నేం జెయ్యమంటారు టీచరమ్మా?”

“అది నేను చెప్తే మళ్ళా నేనొక్కదాన్నే ఆడినట్ల” అని ఆమె వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం హాస్టల్ వంటింట్లో పాలకు తోడు వేసే వంతు తాయమ్మది. కాణిపాకం నుంచి ట్రైనింగుకొచ్చిన మునెమ్మ, నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి, తాయమ్మ తోడు వెయ్యగానే గిన్నె ఎత్తి ఊపి చూసింది.

“అయ్యో, కదపొద్దు మే! తోడు ఎయ్యకుంటే పాలు ఇరిగిపోతాయి. ఏసినాక కదిలిస్తానే ఉంటే యాడ తోడుకుంటాది...” తాయమ్మ మాట మధ్యలో ఆగిపోయింది. “మునెమ్మా! ఒక్క చుక్క! ఒక్క చుక్క ఏసి చెయ్యి తీసెయ్యల్ల!”

“ఏసినావు గదా. ఏందట్ల అరస్తావు?”

“పాలల్లో గాదే, పిల్లోళ్ళల్లో!”

జ్వరమేమోనని మునెమ్మ ఆమె నుదురు తాకి చూసింది.

తెల్లారి తాయమ్మ చిప్పలన్నీ వెతికి, టెంకాయ కన్ను దగ్గర తూటు పడిన చిప్ప ఒకటి తెచ్చి, ఏమీ ఎరగనట్టు బక్కపిల్ల ముందర పెట్టింది. పిల్ల ఇసక నింపి ఎత్తితే అడుగు నుంచి సన్నటి ధార! పిల్ల నోరు తెరిచింది. “ఇసక యాడికి పోతా ఉండాది పాపా?” అని ఒక్క మాట అడిగి, తాయమ్మ నాలుకను పళ్ళ మధ్య పట్టుకుంది. పిల్ల కింద ఒక చిప్ప పెట్టింది. అది నిండి పొర్లిపోయింది. “పెద్దది కావల్ల!” అని బొద్దు పిల్లోడి వైపు చెయ్యి చాపింది. వాడు కాసేపు ఆలోచించి, ధార ఆగిపోతుందేమోనన్న బెంగతో ఒళ్ళోని అన్నిటికన్నా పెద్ద చిప్ప ఇచ్చేశాడు. అందరూ మూగారు. ఏది తొందరగా నిండుతుంది, దీంట్లో అవి ఎన్ని పడతాయి, అడిగేదీ వాళ్ళే, చెప్పేదీ వాళ్ళే. తాయమ్మకు గంతెయ్యాలనిపించింది. వెయ్యలేక మునెమ్మ చెయ్యి గట్టిగా గిల్లింది.

చెంగల్రాయుడు వచ్చింది ఆ వారంలోనే, ఒక మధ్యాహ్నం. పిల్లలతో ఆడించే ఆట ముందు మీరే ఆడాలని శకుంతలమ్మ పట్టు. ఆడవాళ్ళంతా కుచ్చిళ్ళు దోపుకుని తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. తాయమ్మ ఒంటికాలి మీద ఉంది.

“ఏందే ఇది! నలుగురిలో ఎగురుతా ఉండావే!” గేటు దగ్గర్నుంచే అరిచాడు. “అమ్మకు నడుము పట్టేసింది. ఇంట్లో పొయ్యి రాజేసే దిక్కు లేదు. మూట సర్దు, పోదాం.”

ఇప్పుడు పోతే మళ్ళీ రానివ్వరు. ట్రైనింగు మధ్యలో ఆపితే బాలవాడి ఇంకొకరికి పోతుంది. తాయమ్మకు రెండూ తెలుసు.

“నడుము పట్టింది మీ అమ్మకు గదన్నా, నీ చేతులకేమొచ్చె?” అంది మునెమ్మ. అందరూ పక్కున నవ్వారు.

“నాకు సంగటి గెలికేది వస్తాదా? ఎప్పుడన్నా చేసినానా?”

తాయమ్మ దగ్గరికొచ్చి అతని మొహం చూసింది. పైకి కోపమే. లోపల మాత్రం, పొయ్యి ముందు ఒంటరిగా నిలబడాల్సిన బెదురు.

“మామా, నూకలు ఉడికినాక పిండి పొయ్యి. మిగతాది నీకే తెలుస్తాది. నేను ట్రైనింగు ముగించుకోనే వస్తా.”

“ఎంత పిండి? ఎట్ల గెలకల్ల? ఉండలు కడితేనో?”

ఎంత పిండో, తెడ్డు ఎట్లా పట్టాలో, ఉండ కడితే ఏం చెయ్యాలో అంతా నాలుక చివరి దాకా వచ్చింది. తాయమ్మ నోరు మూసుకుంది. వెనక్కి తిరిగి, గడిలోకి బిళ్ళ విసిరింది.

“అంతే అమ్మణ్ణీ. పూతలపట్టుకు పోయినప్పుడు ఇది మీ చెంగల్రాయుడు తాతకు సదివి ఇనిపించు. చెవులు దూరమైనాయి, గట్టిగా సదువు. ఆయప్ప అప్పుడు నేర్చుకున్న సంగటి గెలికి పెట్టేదాకా ఆడ్నించి లేయొద్దు.”