అత్తాకోడళ్ల బండి

"బండి కాస్త తుడిచిపెట్టు. కాసేపట్లో చూడటానికి మనిషి వస్తున్నాడు" అన్నాడు భర్త పేపర్లోంచి తల ఎత్తకుండానే.

దుప్పటి అంచు గడ్డం కింద నొక్కిపెట్టి మడతపెడుతున్న ఆమెకు ముందు అర్థం కాలేదు. "ఏ బండి?"

"ఇంకేది? నీ పుష్పక విమానం. అమ్మేద్దాం. ఎత్తుగా ఉండే కొత్తది తీసుకుందాం. ఆఫీసులో అందరూ నవ్వుతున్నారు."

అతని ఆఫీసుకు ఆ బండి ఎప్పుడు వెళ్లిందని? ఆమె మడత పూర్తిచేసి, బకెట్టూ గుడ్డా పట్టుకుని బయటికి నడిచింది.

మోకాళ్ల ఆపరేషన్లయిన పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి నడక నేర్పించే ఉద్యోగం ఆమెది. పాప కడుపులో ఉన్నప్పుడు సొంత జీతంతో కొనుక్కుంది ఈ కారు. "ఎవరో వాడి వదిలేసింది మనకెందుకు?" అన్నాడప్పుడు. వద్దన్నవాళ్లే తర్వాత వరసగా ఎక్కారు. మామగారి కంటి ఆపరేషన్‌కూ, మరిది ఇంటర్వ్యూలకూ, ఆడపడుచు పురిటికీ అదే. "నీకెలాగూ బండి ఉంది కదమ్మా" అన్న మాటతో ఆమె ఆదివారాలన్నీ కరిగిపోయాయి. ఏసీ ఎంత ఉండాలో, ఏ పాట రావాలో, ఏ దారిన పోవాలో అన్నీ వెనక సీటు చెప్పేది. కానీ అందరినీ దింపేశాక ఇంటికొచ్చే ఆ దారి ఉందే, అది మాత్రం ఆమెది. ఆమె నడుముకు అలవాటుపడ్డ మెత్తని సీటులో వెనక్కి వాలి, గొంతెత్తి పాడుకునేది. ఏడుపొస్తే ఏడ్చేది. ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా ఆ బండి ఆమెను నడిరోడ్డున నిలబెట్టలేదు. ఇంట్లో ఎంతమంది గురించి ఆ మాట అనగలదు?

అద్దం తుడుస్తుంటే అత్తగారు చెప్పులేసుకుని వచ్చింది.

"అమ్మేస్తాడటగా?"

"అవునట."

"నిన్నడిగాడా?"

"చెప్పారు."

"చెప్పడం వేరు, అడగడం వేరు. మీ మామయ్య కూడా అన్నీ చెప్పేవారు పాపం!" అత్తగారు బానెట్ మీద చెయ్యివేసి నిమిరింది. "ఒకసారి నేనూ నడుపుతానన్నాను. స్టీరింగంటే గరిటె తిప్పడమనుకున్నావా అని నలుగురిలో నవ్వారు. మళ్లీ అడగలేదు."

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఎప్పుడూ 'నెమ్మదిగా పోనీయ్' తప్ప మరో మాట అనని మనిషి కడుపులో ఇంత కోరికా! తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుని తలుపు తీసింది.

"ఎక్కండత్తయ్యా."

ఊరి చివర ఖాళీ మైదానంలో డ్రైవరు సీటు ముందుకు జరిపి ఆవిణ్ణి కూర్చోబెట్టింది. రోజూ ముసలికాళ్లకు చెప్పే మాటలే చెప్పింది: "భయం వద్దు. నెమ్మదిగా వదలండి." క్లచ్ టక్కున వదిలేసేసరికి బండి కప్పలా ఎగిరి ఆగిపోయింది. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. మళ్లీ, మళ్లీ. ఈసారి బండి కదిలింది, పెద్ద ముత్తైదువలా నిదానంగా మైదానమంతా తిరిగింది. "పోతోందే! నా మాట వింటోందే!" అని అరిచింది అత్తగారు చిన్నపిల్లలా.

బండి ఆగాక ఫోను మోగింది.

"ఎక్కడికి పోయారిద్దరూ? ఆయనొచ్చి కూర్చున్నాడు!"

"బండి అమ్మడం లేదండీ" అంది ఆమె. గొంతు పెంచలేదు, ఎందుకో పెంచాలనీ అనిపించలేదు.

"అంటే? ఆయనకేం చెప్పను?"

అత్తగారు ఫోను అందుకుంది. "టీ పెట్టిచ్చి పంపెయ్ నాన్నా. మీ ఆవిడ నాకు రివర్సు నేర్పుతోంది."