దీవెనమ్మ సారె పెట్టె

నేను ఒక ట్రంకు పెట్టెను. మూలలు తుప్పుపట్టాయి, మూత మీద గులాబీ బొమ్మ సగం చెరిగిపోయింది. అయినా నన్ను చూసి జాలిపడకండి, నాకది గిట్టదు. రాజమండ్రిలో ఓ రేకుల కొట్లో సుత్తి దెబ్బలు తిని పుట్టినదాన్ని.

నన్ను కొన్నాయన పేరు ఏలియా. బొడ్డుమామిడి అనే కొండ ఊరు ఆయనది. కూతురు దీవెనమ్మ పెళ్లికి సారె పెట్టెగా కొని, బస్సు టాపు మీద వేయించుకుని తీసుకెళ్లాడు. పెళ్లికొడుకు సత్యానందం అప్పుడే పాస్టరు చదువు ముగించాడు. పెళ్లిరోజు నా మూత మీద చెయ్యి వేసి, "మామయ్యగారూ, మీ ఊరికి పాస్టరు లేడని బెంగపడకండి. దీవెననీ ఈ పెట్టెనీ తీసుకుని ఇక్కడికే వస్తాను. ఇది నా వాగ్దానం," అన్నాడు. ఆ మాట నమ్మి, పాపం, ఏలియా ఊళ్లో చిన్న ప్రార్థన మందిరం కట్టించాడు. అందులో పాస్టరు మొహం చూడకుండానే పోయాడు.

అల్లుడిగారికి మొదటి పోస్టింగు డెల్టాలో, బాగా డబ్బున్న పట్నంలో వచ్చింది. రెండేళ్లే అన్నారు. ఇరవై అయ్యాయి. సోఫా వచ్చింది, ఫ్రిజ్జు వచ్చింది, నేను మంచం కిందికి పోయాను.

పాస్టరుని అందరూ అయ్యగారనేవారు. అయ్యగారికి బైబిల్లో అబ్రాహామంటే ప్రాణం. "దేవుడు బయలుదేరమన్నాడు. అబ్రాహాము ఎక్కడికి అని అడిగాడా? ఎంత దూరం అని అడిగాడా?" అని మైకులో గద్దిస్తే, చర్చి పక్కనే మా ఇంట్లో మంచం కింద నా రేకులు అదిరేవి. ఎన్నేళ్లు పట్టినా దేవుడు ఆ ముసలి అబ్రాహాము దంపతులకి కొడుకునిచ్చి మాట నిలబెట్టుకున్నాడనీ, మాట తప్పేది మనుషులేననీ ముగించేవారు. ముందు వరసలో కూచుని అదంతా విన్న దీవెనమ్మ ఇంటికొచ్చి అన్నం వడ్డించేది. అబ్రాహాము బయలుదేరాడని అందరూ చెబుతారు గానీ, సామాను ఎవరు సర్దారో ఒక్కరూ చెప్పరు. పెట్టెను కాబట్టి నాకా సందేహం వచ్చింది.

చివరికి బదిలీ వచ్చింది, సరిగ్గా బొడ్డుమామిడికే. దీవెనమ్మ నన్ను బయటికి లాగి, దుమ్ము దులిపి, పాట పాడుకుంటూ చీరలు సర్దింది. అయ్యగారు మాత్రం అబ్రాహాము అడగని ప్రశ్నలన్నీ అడిగారు. కరెంటు ఉంటుందా? సెల్లుకి సిగ్నలొస్తుందా? కానుకలు ఏపాటి పడతాయి? నా ఖర్మ. ఖర్మ అనకూడదట, అది మనది కాదట. సరే, నా తలరాత.

"ఏవండీ, మా నాన్నకి మాటిచ్చారు," అంది ఆవిడ.

"దేవుడి చిత్తం కోసం కనిపెట్టుకుని ఉండాలి దీవెనా," అని అయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని బదిలీలు చేసే పెద్దాఫీసుకి వెళ్లారు. దేవుడి చిత్తం అక్కడ గుమాస్తా బల్ల మీద ఉంటుందని నాకప్పుడే తెలిసింది. బదిలీ ఆగాలని సంఘం చేత ఉపవాస ప్రార్థన కూడా పెట్టించారు. వారం తిరక్కుండా ఆగింది.

"దేవుడు ప్రార్థన ఆలకించాడు. పెట్టె లోపల పెట్టెయ్," అన్నారు మిఠాయి పొట్లం విప్పుతూ.

దీవెనమ్మ నాకు తాళం వేసింది. "మీరు ఉండండి. అక్కడ మా అమ్మ ఒక్కతే మందిరం ఊడ్చి, ఒక్కతే ప్రార్థన చేసుకుంటోంది. నేను వెళ్తాను," అంది.

ఆయన నవ్వేశారు. బస్సు కదిలేదాకా నమ్మలేదు.

ఇప్పుడు నేను బొడ్డుమామిడి మందిరంలో ఉన్నాను. నా కడుపులో పాటల పుస్తకాలు, నెత్తిన పిల్లలు. ఆదివారం దీవెనమ్మే వాక్యం చెబుతుంది. ఊరంతా వస్తున్నారు. అయినా మధ్యాహ్నం బస్సు హారను వినిపిస్తే ఆవిడ గుమ్మం దాకా వెళ్లొస్తుంది. మళ్లీ ఏమీ ఎరగనట్టు పని చేసుకుంటుంది. నాకు ఒళ్లు మండిపోతుంది.

మొన్న పట్నం సంఘం నుంచి రాహేలమ్మ ఆవకాయ పట్టుకుని చూడ్డానికొచ్చింది. అయ్యగారి కొత్త ప్రసంగం అద్భుతమట. "అబ్రాహాము కన్నకొడుకుని బలివ్వడానికి కొండెక్కించినట్టు, నేనూ నా భార్యని ఆ కొండలకి అర్పించాను," అన్నారట. సంఘమంతా వెక్కి వెక్కి ఏడ్చిందట. కానుకల సంచి ఎన్నడూ లేనంత బరువు తూగిందట.

దీవెనమ్మ నా మీద కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.

"అబ్రాహాము కొండ దాకా కొడుకు పక్కనే నడిచొచ్చాడు అక్కా," అంది.