చీటీల పిన్ని

ఆవిడ కత్తెరతో కోడ్ కత్తిరిస్తోంది. కోడ్‌ను ముక్కలుగా విడగొట్టి చదివే పార్సర్ ఆవిడ బాధ్యత. అందులో తప్పు దొరికితే పంతొమ్మిదేళ్లుగా ఇదే పద్ధతి: ఆ వరుసను అచ్చు తీసి, టోకెన్‌కి, అంటే విడగొట్టిన ఒక్కో ముక్కకి, ఒక చీటీ చొప్పున కత్తిరించి బల్ల మీద పేర్చడం. బొటనవేలు కాయ కాచింది. వెనకాల అందరూ చీటీల పిన్ని అంటారు. ఇప్పటి మేనేజరు కుర్రాడిగా చేరినప్పుడు, టోకెనంటే ఏమిటో ఈ చీటీలతోనే నేర్పింది.

ఏదో ఒక పని చేసే కోడ్ భాగమే ఫంక్షన్. దాని పేరుకు చీటీ ఉంది, బ్రాకెట్‌కీ ఉంది. ఫంక్షన్ నెత్తిన రాసే 'తీసెయ్యొద్దు' లాంటి గుర్తులకే లేదు. పార్సర్ వాటిని ఖాళీ జాగాతో కలిపి పారేసేది. గుర్తులు కూడా టోకెన్లుగా ఉండాలని రెండేళ్ల కిందటే రాసిచ్చింది. చదివిన నాథుడు లేడు.

పోయిన నెల, వాడని కోడ్‌ను ఏరిపారేసే ప్రోగ్రాముకు ఆ గుర్తు కనబడలేదు. కరెంటు పోతే లిఫ్టు తలుపు తెరిచే ఫంక్షన్ని తీసేసింది. కరెంటు పోయినప్పుడు లిఫ్టులో ఇరుక్కుని ఒక ముసలాయన నాలుగు గంటలు లోపల తలుపు బాదాడు. చేతులు వాచిపోయాయట. తలుచుకుంటే ఆవిడకు ఒళ్లు మండిపోతుంది.

ఇవాళ్టికి పని పూర్తయింది. గుర్తుకూ ఒక టోకెన్. ఎర్ర సిరాతో 'తీసెయ్యొద్దు' అని చీటీ రాసి, ఫంక్షన్ పేరుకు ముందు పెట్టింది. పక్కనే టీ కప్పు.

మేనేజరు కాగితంతో వచ్చాడు.

"ఇంత హడావుడి ఎందుకు మేడమ్? ఆ ఒక్క ఫంక్షన్ని మినహాయిస్తే పోయేదిగా."

"రేపు ఇంకో ఫంక్షన్ పోతే? ఇంకో ముసలాయన బాదుకోవాలా?"

"సరే, మీ మార్పు అసలు కోడ్‌లో కలుపుతాం. ముందు సంతకం పెట్టండి."

లిఫ్టు సంఘటన పార్సర్ ఉద్యోగిని నిర్లక్ష్యం వల్లే జరిగిందని ఉంది అందులో.

"పెట్టకపోతే?"

"మార్పు ఆగుతుంది."

నోరు లేకపోతే నెత్తికెక్కుతారని ఇంట్లో చెల్లెలు తిడుతూనే ఉంటుంది. ఆవిడ లేచి నిలబడింది. ఆయన మేనేజరయ్యాక మొదటిసారి నువ్వు అంది.

"సిగ్గు లేదూ నీకు? ముందు కలుపు. నా కళ్లముందే."

ఆయన వంగి ఆవిడ కంప్యూటర్లో మీట నొక్కాడు. తెరమీద 'కలిసింది' అని వచ్చేదాకా చూసింది. తర్వాత కాగితం చిరిగేంత గట్టిగా సంతకం గీకింది.

"అబద్ధమని నీకూ తెలుసు. రేపట్నుంచి నేను రాను."

మెడలో కార్డు తీసి బల్ల మీదకు విసిరింది. కప్పు ఒలికింది. తుడవకుండానే వెళ్లిపోయింది.

కాసేపటికి మేనేజరు చీటీలన్నీ బుట్టలోకి తోశాడు. ఎర్ర చీటీ మాత్రం ఒలికిన టీకి బల్లకు అతుక్కుపోయి, గోటితో గీకినా ఊడి రాలేదు.