అప్పజెప్పిన అక్షరాలు

నేను ఒక కంటి పరీక్ష అట్టను. విజయవాడలో ఓ ప్రెస్సులో పుట్టాను. పైన పెద్ద ‘గ’, దాని కింద ‘ర, ట’, కిందికి పోయేకొద్దీ చీమలంత అక్షరాలు. చూపు తగ్గిన పిల్లల్ని పట్టించడమే నా పని. కళ్ల డాక్టరమ్మ నన్ను తుని దగ్గర ఓ బళ్లో తగిలించి, పరీక్షకి మళ్లీ వస్తానంది. అసలే పిరికిదాన్ని, మేకు కదిలితే హడలిపోతాను.

ఆవిడ వచ్చే రోజు దగ్గరపడగానే రెండో తరగతి మంగతాయారు టీచరుకి ఇనస్పెక్షన్ భయం పట్టుకుంది.

“ఒక్కళ్లు తప్పు చెప్పినా బడి పరువు పోద్ది! అందరూ అనండర్రా, గ!”

ఎక్కాల్లాగే నన్నూ బట్టీ పట్టించింది. మనసు మంచిదే, ఏం లాభం?

ఆ పిల్లల్లో నూకరత్నం అందరికన్నా ముందు నేర్చింది. కుడికన్ను మూసుకుని గడగడా అప్పజెప్పింది. నాకు మాత్రం వణుకు పుట్టింది. ఆ ఎడమకన్ను నా మీద లేదు, పక్కన కిటికీ మీద తారాడుతోంది. కుడికన్నే రెండు కళ్ల పనీ చేసేస్తుంటే ఇంట్లోవాళ్లకి ఎలా తెలుస్తుంది? ఇలాంటి కన్ను చిన్నతనంలో దొరికితేనే దారికొస్తుందని, ముదిరితే కష్టమని డాక్టరమ్మ నన్ను తగిలిస్తూ చెప్పింది. అరుద్దామంటే ఒంటినిండా అక్షరాలే గాని నోరు లేదు.

పరీక్ష రోజు వానకి గోడ చెమ్మెక్కి, మేకు ఊడి, నీళ్ల బకెట్లో పడ్డాను. చచ్చాననుకున్నాను. డాక్టరమ్మ నన్ను గోడవార ఆరబెట్టి, సంచిలోంచి వేరే అట్ట తీసింది.

“అదెందుకండీ, మా పిల్లలకి దీనికే అలవాటండీ!” అంది టీచరు కంగారుగా.

పిల్లల్ని ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. తడుముకుంటూనే కొత్తదాన్ని చదివారు. నూకరత్నం మాత్రం నేర్పినట్టే గుమ్మంలోనే కుడికన్ను మూసుకుని వచ్చింది.

“గ, ర, ట, ల, బ, మ” అంది గుక్క తిప్పుకోకుండా.

కొత్త అట్ట మీద పైన అరచేయంత ‘డ’ ఉంది.

“ఎవరు చెప్పారమ్మా ఇది?”

“టీచరుగారేనండి.”

మంగతాయారు టీచరు కూలబడిపోయింది. “నా చేతులారా పిల్ల కన్ను తీసేద్దునండీ!” అని ఏడ్చింది.

“ఇంకా చిన్నదే, ఏడవకండి. కళ్లద్దాలు పెట్టి, మంచి కంటికి కట్టు కడదాం, అప్పుడు రెండోది పని నేర్చుకుంటుంది” అంది డాక్టరమ్మ.

ఇప్పుడు నేను తడికి ఉబ్బిపోయి చీపుళ్ల గదిలో పడున్నాను. చెత్తబండి చప్పుడైతే చాలు, పైప్రాణాలు పైనే పోతాయి. మొన్న తలుపు కిర్రుమంటే అదేననుకున్నాను. వచ్చింది నూకరత్నం. కళ్లద్దాలు, కుడికంటికి కట్టు. నా ముందు చతికిలబడి, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, ‘బ’ మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

“ల?” అంది.

తప్పే. కానీ ఈసారి నన్ను చూసి చెప్పింది.