జెండా దించిన అసాయి కొట్టు

బెలేం రేవు ఊళ్ళో, అసాయి అనే తాటిజాతి నల్లకాయల గుజ్జు అమ్మే కొట్టు మీద ఎర్ర జెండా ఎగిరితే లోపల ఆ పూట తీసిన తాజా గుజ్జు ఉన్నట్టే. ఓస్మరీనా జెండా ఏనాడూ అబద్ధమాడలేదు. గడ్డకట్టించిన గుజ్జు తన గడప తొక్కదని వీధంతా వినేలా శపథం చేసిందావిడ. రోజూ మధ్యాహ్నం వేపిన చేపతో అసాయి తినడానికి వచ్చే ముసలి సరంగు అబెలార్దు ఊరుకున్నాడా? అలాంటిది తన నాలుకని మోసం చేస్తే మీసం తీసేస్తానన్నాడు. అది మామూలు మీసం కాదు, రేవంతా ఎరిగిన మీసం.

ఇప్పుడేమో వానలు. పడవల్లో కాయలు లేవు. కొట్టు మూస్తే అబెలార్దు ఎదురు కొట్టుకు మరుగుతాడు.  అందుకే ఓస్మరీనా కాయలున్నప్పుడే గిన్నెడు గుజ్జు ఇంటి ఫ్రీజర్లో చేపల పక్కన దాచింది. తీసి కరిగిస్తే అడుగున మట్టిరంగు ముద్ద, పైన నీళ్ళు.

గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసే కూతురు జుసిలేన్ చూసి పడీపడీ నవ్వింది.

"గిన్నెడు గుజ్జు గట్టిపడేసరికి తెల్లారుతుందమ్మా. ఈలోగా మంచు పలుకులు పెద్దవై కండని చీల్చేస్తాయి. రంగూ విటమిన్లూ ఆ నీళ్ళలోకే పోతాయి."

మర్నాడు ఫ్యాక్టరీ నుంచి పల్చటి పొట్లాలు తెచ్చింది. గడ్డకట్టించే గాలిలో చిటికెలో బిగుసుకున్నవట. కరిగిస్తే నేరేడుపండు రంగు నిగనిగలాడింది. ఓస్మరీనా కళ్ళు మూసుకుని జెండా ఎగరేసింది.

అబెలార్దు కర్రపెండలం రవ్వ చల్లుకుని ఓ చెంచాడు తిన్నాడు. "పొద్దుటి పడవదే. నా నాలుకని మోసం చెయ్యడం ఎవరి తరం?" అన్నాడు మీసం దువ్వుతూ.

ఓస్మరీనా ప్రాణం చివుక్కుమంది. బయటికెళ్ళి జెండా దించి మడత పెట్టుకొచ్చి, ఉన్నదున్నట్టు చెప్పేసింది.  అబెలార్దు గిన్నె ఖాళీ చేసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ ఆ సాయంత్రం కూతుర్నీ ఫ్యాక్టరీనీ కలిపి తిట్టిపోసింది.

మర్నాడు జెండా ఎత్తలేదు. అయినా మధ్యాహ్నానికి ఎవరో వచ్చి అబెలార్దు పీట మీద కూర్చున్నారు. ఎవరో పోల్చుకోవడానికి ఆవిడకి కాస్త సమయం పట్టింది.

"నిన్నటిదే పెట్టు, ఓస్మరీనమ్మా," అన్నాడాయన, చెయ్యి పై పెదవికి అడ్డం పెట్టుకుని.

పెట్టింది. తిని చెయ్యి తీశాడు. ఇన్నేళ్ళూ మీసం దాచిన బోసి పెదవి మీద అసాయి గీసిన చక్కటి ఊదా గీత.

"రంగు బానే నిలిచింది," అంది ఓస్మరీనా, ఇంకో చేప ఆయన పళ్ళెంలో వేస్తూ.