నీటి జాడలు లేవు

పరిచిన గ్రావెల్‌లో ఇనుప చువ్వను మూడోచోట గుచ్చి, పైమట్టం దగ్గర బొటనవేలు ఆనించి పైకి లాగి, టేపు పెట్టి చూశాడు. మందం ఇరవై సెంటీమీటర్లు ఉండాలి. పదహారు ఉంది. రోలరు తొక్కాక అది పన్నెండవుతుంది. పన్నెండు మీద లోడు లారీ నాలుగుసార్లు నడిస్తే కిందనున్న నల్లమట్టి పైకి తేలుతుంది. చువ్వ పీకిన చోట పడిన చిల్లును చెప్పుకాలితో పూడ్చి, ఇంకో బండి గ్రావెల్ ఇక్కడే పొయ్యమని టిప్పరు డ్రైవరుకు చేత్తో సైగ చేశాడు. టిప్పరు డ్రైవరు మొహం చిట్లించాడు. అయినా బండి వెనక్కి తిప్పాడు.

తెల్లవారి ఏడు కూడా కాలేదు. అప్పటికే ఎండ భుజాల మీద కూర్చుంది.

కాగితాల మీద ఆయన వర్క్ ఇన్‌స్పెక్టరు. ఏడాదికోసారి పొడిగిస్తూ పొడిగిస్తూ ఇరవై తొమ్మిదేళ్లు లాగిన ఉద్యోగం. పర్మినెంటు చేస్తామని ఎనిమిదిసార్లు సర్టిఫికెట్లు తీసుకున్నారు, ఎనిమిదిసార్లూ తిరిగి ఇచ్చారు. పొలాల్లో వాళ్లు మాత్రం ఓవర్సీరు గారూ అని పిలుస్తారు. మొదట్లో కాదని సర్దిచెప్పేవాడు. తరవాత మానేశాడు. ఇంట్లో భార్యకు కోపం వచ్చినప్పుడు కూడా అదే పిలుపు. ఇవాళ పొద్దున అలాగే పిలిచింది.

సైకిలు షాపు వెనక రెండు గదులు వాళ్లవి. ముందు గదిలో కుట్టుమిషను, దాని చుట్టూ దర్జీ పంపిన జాకెట్లు. ఆవిడ వాటికి హుక్కులు కుడుతుంది. ఆయన నాలుగున్నరకు లేచి, ఎడమ జబ్బ నొక్కుకుంటూ మంచం అంచున కూర్చుంటే ఆవిడ దీపం వేసి చూసింది.

"మూడు రోజుల్నించీ అలా నొక్కుకుంటున్నారు. ఆస్పత్రికెళ్లి వద్దురుగాని, ఓవర్సీరు గారూ. మీరు ఒకరోజు కనపడకపోతే రోడ్డు లేచి పారిపోదు."

రోడ్డు పని పల్లం దాటే దాకా ఉండాలి, తరవాత వెళ్తానన్నాడు. ఆవిడ అన్నం డబ్బా మూత గట్టిగా బిగించి బల్లమీద చప్పుడయ్యేలా పెట్టింది. వాళ్లకు పిల్లలు లేరు. దానికోసం చాలా ఏళ్లు ఏడ్చారు, ఆ తరవాత ఆ మాటే ఎత్తలేదు. ఇప్పుడు ఇద్దరి మధ్యా మిగిలినవి ఇలాంటి చప్పుళ్లే. డబ్బా పెట్టిన చప్పుడును బట్టి ఆవిడకు ఎంత దిగులుగా ఉందో ఆయనకు తెలుస్తుంది.

చుట్టాలు వచ్చినప్పుడు ఆవిడ ఒక మాట చెప్పి నవ్వించేది. ఈయన మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు నా మొహం చూళ్లేదు, మా వీధి వాలు చూశాడు అనేది. అందులో అబద్ధం ఏమీ లేదు. వాన కురిస్తే నీళ్లు ఎటు పోతాయన్నది ఆయన కళ్లకు ముందుగా కనపడేది. గుడ్డివాడు గోడ తడిమినట్టు ఆయన నేల వాలు పాదాలతోనే పసిగట్టగలడు. ఇరవై తొమ్మిదేళ్లలో ఆయనకు దక్కిన విద్య ఇదొక్కటే. ఇంకొకటి ఉంటే అది చేతిరాత. ముత్యాల్లా ఉంటుందని ఆఫీసులో అందరూ అంటారు. అందుకే ఎవరి రిపోర్టయినా ఆయన చేతే రాయిస్తారు.

ఈ రోడ్డు నాలుగు కిలోమీటర్లు. పొలాల మధ్యనుంచి వెళ్లి మార్కెట్టు రోడ్డులో కలుస్తుంది. ఇన్నాళ్లూ అది బండిబాట. వాన పడితే మోకాలి లోతు బురద. పోయిన ఏడు ఉల్లిపాయలు తవ్వి కుప్పలు పోసుకున్న వారానికి వాన పట్టుకుంది. లారీ లోపలికి రాలేదు. పద్దెనిమిది రోజులు కుప్పలమీద పరదాలు కప్పుకుని ఎదురుచూశారు. కుళ్లిన ఉల్లి వాసన మార్కెట్టు రోడ్డు దాకా వచ్చింది. అందుకే రోడ్డు పడుతుందనగానే చేలవాళ్లు ఆఫీసు అడక్కుండానే గట్లు జరిపి ఇచ్చారు. అందరికంటే ముందు జరిపింది పల్లంలో చేను ఉన్న ఆవిడ. మొగుడు లేడు. ఒక్కతే చేస్తుంది. మిగతావాళ్లను ఒప్పించింది కూడా ఆవిడే.

ఆ పల్లం మూడో కిలోమీటరు రాయికి అవతల ఉంది. చూడ్డానికి అదేమంత లోతు కాదు. కొత్తవాళ్లకు అసలు పల్లమనే తెలియదు. కానీ పైనున్న రెండువందల ఎకరాల నీళ్లూ అక్కడికే వచ్చి, బాట దాటి అవతలి వాగులోకి పోతాయి. అక్కడ రోడ్డు కింద నీళ్లు పోయే తూము ఉండాలని ఆయన నాలుగుసార్లు రాసి పంపాడు. తూము వస్తుందన్నారు. ఆ మాట నమ్మి ఆయన చేలవాళ్లకు చెప్పాడు.

తొమ్మిదింటికి ట్యాంకరు నీళ్లు చల్లడం మొదలుపెట్టింది. గ్రావెల్ గుప్పిట్లోకి తీసుకుని నొక్కి చూశాడు. ముద్ద కట్టింది, వేలికి నీరంటలేదు. ఇదే సరైన తడి. ఇది ఆరకముందే తొక్కాలి. రోలరు డ్రైవరుకు చెయ్యి ఊపాడు. రోలరు డ్రైవరు ఆయన ఈడువాడే. ముప్పై ఏళ్లు ఆ చప్పుడు మీద కూర్చుని చెవులు పోగొట్టుకున్నాడు. తనకు వినపడదు కనుక ఎదుటివాళ్లకీ వినపడదని గట్టిగా అరిచి మాట్లాడతాడు.

"పాసులు ఎన్ని వెయ్యమంటావన్నా?" అని అరిచాడు.

ఎనిమిదిసార్లు తొక్కమని ఆయన ఎనిమిది వేళ్లు చూపించాడు. ఎడమ చేతిలో నొప్పి మోచేతి దాకా దిగింది. చెయ్యి కిందికి వాల్చి, చొక్కా గుండీ ఒకటి విప్పుకున్నాడు.

పదకొండింటికి ఇంజినీరమ్మ జీపులో వచ్చింది. ముప్పై దాటని పిల్ల. ఎండకు తలమీద చున్నీ కప్పుకుని పల్లం దాకా ఆయనతోపాటు నడిచింది. చెడ్డమనిషి కాదు. పైవాళ్లు ఒకమాట అంటే ఆ రాత్రి నిద్రపోని రకం. తూము ఈ పనిలో లేదని, రెండో విడతలో పెడతారని నేలవైపు చూస్తూ చెప్పింది. తూము కావాలని పట్టుబడితే డిజైను మారాలి, డిజైను మారితే ఫైలు మొత్తం వెనక్కి పోతుంది. అది మళ్లీ తిరిగొచ్చేసరికి వానలు, ఆ తరవాత ఉల్లి కోత. ఈసారి కూడా బురదలోనే.

"రెండో విడత వస్తుందా మేడమ్?" అని అడిగాడు.

ఆవిడ సంచిలోంచి ఒక కాగితం తీసింది. తూము అక్కర్లేదని తేల్చడానికి సైటు రిపోర్టు కావాలి. అది ఆయన చేతిరాతతో ఉండాలి, ఎందుకంటే సైటులో ఉండేది ఆయనే.

"మీరు రాయనంటే నేనేమీ అనను," అంది. "కానీ నామీద పడుతుంది. ఇంకొకర్ని పిలిచి రాయిస్తారు. అదెలాగూ ఆగదండీ."

అది నిజం. ఆయనకు తెలుసు.

పంతొమ్మిదేళ్ల కిందట ఇంకో రోడ్డు, ఇంకో పల్లం. అప్పుడూ ఇలాంటి కాగితమే. అప్పుడు నలభై లోపు వయసు, పర్మినెంటు చేస్తారన్న ఆశ. రాసిచ్చాడు. రెండో ఏడు వానలకు నీళ్లు రోడ్డు కిందనుంచి దారి చేసుకున్నాయి. పైకి ఏమీ తెలియలేదు. ధాన్యం బస్తాలతో ట్రాక్టరు వచ్చినప్పుడు అంచు కూలింది. బస్తాలు ఒక్కొక్కటే లాగి కిందున్న మనిషిని బయటికి తీసినవాళ్లలో ఆయనా ఉన్నాడు. విచారణలో డ్రైవరు వేగంగా నడిపాడని తేల్చారు. ఇంటికొచ్చి భార్యకు చెప్తే, మీరు వద్దన్నా వినేవాళ్లా అంది. ఓదార్పుకే అంది. ఆ మాట మాత్రం ఆయనలో ముల్లులా ఉండిపోయింది. తను వద్దనలేదు. అసలు ఆ మాటే అనలేదు.

ట్యాంకరు బంపరు మీద కాగితం పెట్టుకుని రాశాడు. 'సదరు స్థలాన్ని స్వయంగా పరిశీలించడమైనది. నీటి ప్రవాహపు జాడలు లేవు. తూము అవసరం కనపడలేదు.' సంతకం చేసి తేదీ వేశాడు. ఒక్క అక్షరం వణకలేదు. అదే గుండ్రటి రాత, అదే తలకట్టు. తన చేతిమీద తనకే అసహ్యం వేసింది.

ఇంజినీరమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఏదో అనబోయి, నీళ్లు బాగా తాగండి, ఎండ ఎక్కువగా ఉందని మాత్రం చెప్పి జీపెక్కింది.

ఆయన డబ్బా విప్పలేదు. రోలరు ఐదో పాసు వేస్తోంది. కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, గట్టు దిగి పల్లంచేనులోకి నడిచాడు.

ఆ చేను ఆవిడ ఒంగి నారు నాటుతోంది. పక్కన తడి గోనెలో ఉల్లినారు కట్టలు. పై మళ్లు అప్పటికే అయిపోయాయి. కింది నాలుగూ మిగిలాయి. ఆయన్ని చూసి నడుం ఎత్తి, మోచేత్తో నుదురు తుడుచుకుని, లారీ ఎక్కడ ఆగుతుందో చూసుకున్నాను ఓవర్సీరు గారూ, ఇక్కణ్నించి పది అడుగులే అంది. మొహం వెలిగిపోతోంది.

"ఈ కింది మళ్లలో నాటకండమ్మా."

"ఏం?"

"నీళ్లు నిలుస్తాయి."

"ఎప్పుడూ నిలవలేదే. వచ్చిన నీళ్లు వచ్చినట్టే అటు పోతాయి."

"ఇక పోవు. రోడ్డు అడ్డం."

"తూము పెడుతున్నారుగా. మీరేగా చెప్పింది."

"చెప్పాను. పెట్టట్లేదు."

ఆవిడ చేతిలో నారు అలాగే ఉంది. వేళ్ల చివర మట్టి కారుతోంది. "ఎవరు వద్దన్నారు?" అని అడిగింది.

పేర్లు చెప్పడానికి చాలామంది ఉన్నారు. ఆఫీసు ఉంది, పై ఆఫీసు ఉంది. వాటి వెనకే ఆయన ఇరవై తొమ్మిదేళ్లు నిలబడ్డాడు.

"నేనే," అన్నాడు. "ఇక్కడ నీళ్లు పారవని ఇందాకే రాసిచ్చాను."

తిడుతుందనుకున్నాడు. తిట్టాలని కోరుకున్నాడు కూడా. ఆవిడ తిట్టలేదు. మెల్లగా గట్టుమీద కూర్చుని గోనెలోని నారు వంక చూసింది.

"పొద్దున పీకిన నారు," అంది. "సాయంత్రంలోగా నాటకపోతే వాడిపోతుంది. పైనంతా నిండిపోయింది. ఇది నేనెక్కడ పెట్టుకోను?"

రోడ్డు కొలతలన్నీ తెలిసిన మనిషికి నాలుగు మళ్ల నారు పెట్టుకునే చోటు తెలియలేదు. కాళ్ల కింద నేల వాలు తెలుస్తోంది, నీళ్లు ఎక్కణ్నించి వచ్చి ఎక్కడ నిలుస్తాయో, ఏ మడి ముందు మునుగుతుందో, అన్నీ తెలుస్తున్నాయి. చెమట చల్లగా కారుతోంది.

ఆవిడ తలెత్తి చూసింది. "మీ మొహం పాలిపోయిందేం? నీడలో కూర్చోండి. మోటారు గది దగ్గర్నుంచి చల్లటి నీళ్లు తెస్తాను," అని లేచింది.

వద్దనడానికి చెయ్యెత్తాడు గాని అది సగంలోనే ఆగింది. గట్టెక్కి, ట్యాంకరు నీడలో చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాడు. ఇనుము వెచ్చగా ఉంది. రోలరు అటు తిరిగింది, ఇటు వచ్చింది. ఆరో పాసు. ఆయన పెదాలు లెక్కపెట్టినట్టు కదిలాయి. ఏడో పాసుకు రోలరు ట్యాంకరు పక్కకు వచ్చినప్పుడు డ్రైవరు, అన్నా ఇంకొక్కటేగా అని అరిచాడు. జవాబు వినపడలేదు. తన చెవులకే అందలేదేమో అనుకుని తల ఊపి ముందుకు పోయాడు. ఎనిమిదోది వేసి వచ్చాక మళ్లీ అరిచాడు. గడ్డం ఛాతీమీదికి వాలి ఉంది. నిద్ర పట్టిందేమో, పాపం అనుకున్నాడు. ఇన్నేళ్లలో పని నడుస్తుండగా ఆయన కన్ను మూయడం ఎన్నడూ చూడలేదని గుర్తొచ్చి, అప్పుడు ఇంజను ఆపి కిందికి దిగాడు.

పల్లంచేను ఆవిడ చెంబు రెండు చేతులా పట్టుకుని, తొణకకుండా గట్టు ఎక్కి వస్తోంది.

తరవాతదంతా తొందరగా జరిగింది. ఊపిరి చూశారు, ఛాతీ నొక్కారు. టిప్పరులో గోనెలు పరిచి పడుకోబెట్టారు. ఎత్తేటప్పుడు ఆయన ఎంత తేలికో అందరికీ ఆశ్చర్యమైంది. టిప్పరు మార్కెట్టు రోడ్డువైపు వెళ్లింది. ఆయన వేయించిన మూడు కిలోమీటర్లమీదా ఒక్క కుదుపు లేకుండా వెళ్లింది. ఇంటికి ఫోను చేసే పని రోలరు డ్రైవరుమీద పడింది. మెల్లగా చెప్పాల్సిన మాట అది. అతనికి మెల్లగా చెప్పడం చేతకాదు. రోడ్డు మధ్యలో నిలబడి, వదినా, అన్న పోయాడు అని రెండుసార్లు అరవాల్సి వచ్చింది. అవతల ఆవిడ ఏమందో అతనికి వినపడలేదు. ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

కాంట్రాక్టరు మనిషి వచ్చి, తడిపిన గ్రావెల్ ఇంకో వందగజాలు ఉందన్నాడు. ఆరిపోతే మళ్లీ తోడి తడపాలి. రోలరు డ్రైవరు ఆ మనిషి వంక చూశాడు. వంగి గుప్పెడు గ్రావెల్ తీసుకుని నొక్కాడు. ముద్ద ఇంకా విడలేదు. ఎవరూ చెప్పకుండానే ఎక్కి ఇంజను వేశాడు. రోలరు పల్లంలోకి దిగింది.

కింద చేనులో ఆవిడ గోనె దగ్గరికి లాక్కుని, ఒంగి, మిగిలిన నారు ఆ నాలుగు మళ్లలోనే నాటడం మొదలుపెట్టింది.

చెంబును ఎవరూ తీసుకెళ్లలేదు. ట్యాంకరు వెళ్లిపోయాక ఎండలో, రోడ్డు అంచు రాళ్లమీద, నిండుగా అలాగే ఉంది. రోలరు దగ్గరికి వచ్చినప్పుడల్లా అందులోని నీళ్లు సన్నగా వణికి, అది దూరం పోయాక మళ్లీ నిశ్చలమవుతున్నాయి.